కేజీఎఫ్ ఏ కిటికీలోంచి కనిపిస్తుంది?

విమానంలో ఏ పక్క కూర్చుంటే ఏం కనిపిస్తుందన్నది అదృష్టానికి వదిలేయాల్సిన విషయం కాదు. విమానం ఏ దిక్కుకు పోతోంది, గాలి ఎటునుంచి వీస్తోంది, ఆ వేళకు సూర్యుడు ఎక్కడుంటాడు అన్న మూడు సంగతులు తెలిస్తే ముందే చాలావరకు తేల్చుకోవచ్చు. ఈ మూడింటినీ ఒకేచోట పెట్టి చూడటానికి కోలారు జిల్లా అనువైన ప్రాంతం. బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్లికి తూర్పున మొదలై ఆంధ్ర సరిహద్దు దాకా పరుచుకున్న జిల్లా ఇది. బెంగళూరు నుంచి చెన్నైకి, తిరుపతికి పోయే విమానాలు దీని మీదుగానో, అంచు పట్టుకునో పోతాయి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడే ముళబాగిలు, శ్రీనివాసపురం తాలూకాలవాళ్లు సొంత ఊరి చెరువును పైనుంచి చూసుకునే వీలు ఈ దారుల్లోనే ఉంది. మిగతావాళ్లు ఎక్కువగా వెతికేది మాత్రం కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌ను, దాని పక్కనున్న సైనైడ్ దిబ్బలను.

దిక్కు లెక్క సులువైనది. తూర్పుకు పోయే విమానంలో కుడి కిటికీ దక్షిణాన్ని, ఎడమ కిటికీ ఉత్తరాన్ని చూపిస్తుంది. తిరుగు ప్రయాణంలో ఇది తారుమారవుతుంది. ఢిల్లీ నుంచి బాగ్‌డోగ్రా వెళ్లేవాళ్లు హిమాలయాల కోసం ఎడమవైపు సీటు అడిగేది ఇందుకే. చెన్నై నుంచి విశాఖపట్నం పోయేటప్పుడు కుడివైపంతా సముద్రమే. తీరం గీత, కృష్ణా గోదావరి డెల్టాల పచ్చదనం చూడాలంటే ఎడమ కిటికీయే దిక్కు. వెళ్లేటప్పుడు ఏ పక్క బాగుందో వచ్చేటప్పుడూ అదే పక్క కూర్చుని, ఏమీ కనిపించలేదని విసుక్కునేవాళ్లు చాలామంది ఉంటారు. సీటు అక్షరం మారాలన్న సంగతి తట్టకపోవడమే అక్కడ జరిగేది.

ఇప్పుడు కోలారు పటం. దేవనహళ్లి విమానాశ్రయం దాదాపు 13.2 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. చెన్నై విమానాశ్రయం దాదాపు 13 డిగ్రీల మీద. రెండింటినీ కలుపుతూ స్కేలు పెట్టి గీత గీస్తే అది కోలారు పట్టణానికి, ముళబాగిలుకు దాదాపు నెత్తిమీదుగా పోతుంది. కేజీఎఫ్ 12.95 డిగ్రీల దగ్గర ఉంది. అంటే గీతకు దక్షిణంగా 20 కిలోమీటర్లకు కాస్త పైన. కనుక బెంగళూరు నుంచి చెన్నై పోయేవారికి కేజీఎఫ్ కుడివైపు, చెన్నై నుంచి బెంగళూరు వచ్చేవారికి ఎడమవైపు. విమానాలు స్కేలు గీత మీద పోవు, నిజమే. ఆకాశంలో నిర్ణయించిన బిందువులను పట్టుకుని, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ చెప్పినట్టు అటూ ఇటూ జరుగుతూ పోతాయి. అయినా ఇరవై కిలోమీటర్ల తేడా ఉన్నచోట పక్క తప్పడం అరుదు.

ఈ లెక్కకు ఒక చిన్న చరిత్ర ఉంది. 2008 మే 24న దేవనహళ్లి విమానాశ్రయం మొదలయ్యేదాకా బెంగళూరు ప్రయాణికుల విమానాలన్నీ ఊళ్లోని హెచ్‌ఏఎల్ విమానాశ్రయం నుంచే ఎగిరేవి. అది ఉన్నది కూడా దాదాపు 12.95 డిగ్రీల మీదే, అంటే కేజీఎఫ్ ఉన్న అక్షాంశం మీదే. అక్కడి నుంచి చెన్నైకి గీత గీస్తే మాలూరు, బంగారుపేటల పక్కగా, ఇంచుమించు రైలు పట్టాల వెంబడే సాగి, కేజీఎఫ్ మీద నుంచే పోతుంది. పైనుంచి పోవడమంటే బాగా కనిపించడమని అనుకుంటారు గానీ, సరిగ్గా కడుపు కింద ఉన్నది ఏ కిటికీలోంచీ కనపడదు. విమానాశ్రయం పాతిక కిలోమీటర్లకు పైగా ఉత్తరానికి జరగడం వల్ల బెంగళూరు జనానికి టాక్సీ ఖర్చు పెరిగింది. కిటికీ పక్కన కూర్చునేవారికి మాత్రం కేజీఎఫ్ కంటికి అందే దూరానికి వచ్చింది.

సింగపూర్ ప్రయాణికుల పరిస్థితి ఇప్పటికీ పాత చెన్నై ప్రయాణికుల లాంటిదే. దేవనహళ్లి నుంచి సింగపూర్‌కు అతి దగ్గర దారి గీస్తే అది కేజీఎఫ్‌కు రెండు మూడు కిలోమీటర్ల దూరంలోనే పోతుంది. పటం మీద అంత దగ్గర, కిటికీలో అంత కష్టం. బ్యాంకాక్ గీత అంతకంటే ఉత్తరంగా సాగుతుంది కాబట్టి వెళ్లేటప్పుడు కుడివైపు చూస్తే ఫలితం ఉండవచ్చు.

దిక్కు తర్వాత చూడాల్సింది ఎత్తు, దూరం. విమానం గోడ కింది భాగం, రెక్క, కిటికీ అంచు కలిసి దిగువ భాగాన్ని చాలావరకు మూసేస్తాయి. నేల మీది వస్తువు బాగా కనిపించాలంటే అది విమానం ఎత్తుకు రెండింతల నుంచి ఐదింతల దూరంలో పక్కకు ఉండటం మేలు. అంతకంటే దగ్గరైతే మెడ నొప్పి, మరీ దూరమైతే దుమ్ము పొర. పది కిలోమీటర్ల ఎత్తు నుంచి దిగంతం 350 కిలోమీటర్ల దాకా ఉంటుందన్నది గణితం చెప్పే మాట. మన వేసవి గాలిలో అందులో పదో వంతు స్పష్టంగా కనిపించినా సంతోషించాలి. ఇరవై కిలోమీటర్ల దూరంలో, నాలుగైదు కిలోమీటర్ల కింద ఉన్న కేజీఎఫ్ ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది.

అంత దూరం నుంచి ఏం కనిపిస్తుందో ముందే తెలిసి ఉండాలి, లేకపోతే నిరాశే. గనుల మీది ఇనుప బురుజులు, బ్రిటిష్ కాలపు బంగళాలు, రాబర్ట్‌సన్‌పేట బజారు ఏవీ కంటికి ఆనవు. కనిపించేవి సైనైడ్ దిబ్బలే. ఇవి కొండలు కావు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ అడుగుపెట్టినప్పటి నుంచి 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడేదాకా నేల కింద నుంచి తీసిన రాయి, పిండి చేశాక మిగిలిన ఇసుక. టన్ను రాయిలో బంగారం గ్రాముల లెక్కనే ఉంటుంది. రాయిని పొడి చేసి, సైనైడ్ కలిపిన నీళ్లతో ఆ గ్రాములను కరిగించి తీసుకున్నాక మిగిలిందంతా బయట పోయాల్సిందే. స్కాట్లండ్‌లో 1887లో పేటెంటు పొందిన ఈ పద్ధతి కొద్ది సంవత్సరాల్లోనే ఇక్కడికీ వచ్చింది. నూట ఇరవై ఏళ్లలో కేజీఎఫ్ ఇచ్చిన బంగారం 800 టన్నులకు పైగా. మిగిల్చిన ఇసుక మూడు కోట్ల టన్నులకు పైగా, 13 దిబ్బలుగా, వెయ్యి ఎకరాల మేర. గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు పోయింది. దిబ్బ మాత్రం ముప్పై నలభై మీటర్ల దగ్గర ఆగింది.

ఈ కొలతలే కిటికీలో ఏం కనిపిస్తుందో నిర్ణయిస్తాయి. ఒక కిలోమీటరు పొడవున్న దిబ్బ 22 కిలోమీటర్ల దూరం నుంచి కంటికి రెండున్నర డిగ్రీల వెడల్పున కనిపిస్తుంది. పౌర్ణమి చంద్రుడి వెడల్పు అర డిగ్రీ. అంటే ఐదు చంద్రుళ్లను పక్కపక్కన పెట్టినంత. ఎత్తు మాత్రం చంద్రుడిలో నాలుగో వంతు కూడా రాదు. కనుక దిబ్బ దిబ్బలా కనపడదు, పచ్చని, ఎర్రని నేల మీద పరిచిన బూడిద తెలుపు పట్టీలా కనపడుతుంది. పైభాగం చదును. అంచులు మాత్రం వాన కోసేసిన పాయలు పాయలుగా, కిందికి జారిన ఇసుక విసనకర్ర ఆకారంలో పరుచుకుని ఉంటాయి. సినిమాలో కేజీఎఫ్ చూసి నల్లటి లోకం కోసం వెతికేవాళ్లు పొరబడతారు. అసలు కేజీఎఫ్ ఆకాశం నుంచి తెల్లగా ఉంటుంది.

బంగారం ఉన్న రాతి పొర ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది కాబట్టి గనులూ, దిబ్బలూ కూడా ఉత్తరాన బెమెల్ నగర్ వైపు నుంచి దక్షిణాన మారికుప్పం దాకా ఏడెనిమిది కిలోమీటర్లు వరుసగా ఉన్నాయి. చెన్నై విమానం ఉత్తరం నుంచి చూస్తుంది. సరిగ్గా ఎదురుగా వచ్చిన క్షణంలో దిబ్బలు ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఒకే మచ్చగా కనపడతాయి. దానికి ఒకటి రెండు నిమిషాలు ముందో, తర్వాతో, కాస్త ఏటవాలుగా చూస్తే వరుస విడివడి తెలుస్తుంది. ఎదురుగా వచ్చేదాకా ఆగి చూద్దామనుకునేవారు మంచి భాగం పోగొట్టుకుంటారు.

వెళ్లేటప్పుడు చూడాలా, వచ్చేటప్పుడు చూడాలా? వచ్చేటప్పుడే. బెంగళూరు నుంచి తూర్పుకు ఎగిరిన విమానం ఎనిమిది, పది నిమిషాల్లో కోలారు దాటుతుంది. అప్పటికి అది వేగంగా ఎత్తెక్కుతూ ఐదు కిలోమీటర్లు దాటి ఉంటుంది. దిగే విమానం లెక్క వేరు. ప్రయాణికుల విమానం ఒక కిలోమీటరు కిందికి దిగడానికి సుమారు 18, 19 కిలోమీటర్లు ముందుకు సాగుతుంది. విమానాశ్రయానికి కేజీఎఫ్ దాదాపు 70 కిలోమీటర్లు. కాబట్టి చెన్నై నుంచి వచ్చే విమానం దాని పక్కకు వచ్చేసరికి నేలకు మూడున్నర కిలోమీటర్ల ఎత్తుకు దిగి ఉంటుంది. నేల దగ్గరైన కొద్దీ మధ్యలో ఉన్న మసక తగ్గుతుంది. దిగబోతున్నామన్న ప్రకటన వినిపించడమే ఎడమ కిటికీ వైపు తిరగడానికి గుర్తు.

గాలి ప్రభావం ఎక్కువగా కనిపించేది కోలారు దగ్గర కాదు, విమానాశ్రయం దగ్గర. విమానం గాలికి ఎదురుగా ఎగురుతుంది, గాలికి ఎదురుగానే దిగుతుంది. దేవనహళ్లిలోని రెండు రన్‌వేలూ తూర్పు పడమరలుగా ఉన్నాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి పడమటి నుంచి వీస్తుంది కాబట్టి విమానాలు తూర్పు వైపు నుంచి వచ్చి పడమటి ముఖంగా దిగుతాయి. అంటే చివరి పాతిక ముప్పై కిలోమీటర్ల దారి కోలారు జిల్లా పడమటి అంచు నుంచే మొదలవుతుంది. ఎడమవైపు నరసాపుర పారిశ్రామికవాడ పొడవాటి రేకుల కప్పులు, ఆ తర్వాత హొసకోట చెరువు, వెనకాల బెంగళూరు మేడలు. కుడివైపు విజయపుర తోటలు, ఆ పైన నంది కొండ. శీతాకాలంలో గాలి తూర్పు నుంచి వీచే రోజుల్లో విమానం దొడ్డబళ్లాపుర వైపు నుంచి వచ్చి తూర్పు ముఖంగా దిగుతుంది. అప్పుడు నంది కొండ ఎడమవైపు, కాస్త ముందుకు కనిపిస్తుంది. చెన్నై నుంచి వచ్చే విమానం అలాంటప్పుడు ఊరంతా చుట్టి రావాలి. ఆ చుట్టు తిరగడంలో రెక్క ఏ పక్కకు వంగితే ఆ పక్కవారికి నేల, రెండో పక్కవారికి ఆకాశం.

నంది కొండ సముద్ర మట్టానికి 1,478 మీటర్లు. విమానాశ్రయమే 900 మీటర్లకు పైన ఉంది కాబట్టి కొండ రన్‌వే మీద దాదాపు 560 మీటర్లే లేస్తుంది. అయినా గుర్తుపట్టడం తేలిక. ఈ కొండల చుట్టుపక్కల పుట్టిన నీళ్లే పెన్నా, చిత్రావతి, పాపాఘ్ని, పాలారు పేర్లతో తెలుగు నేలకు వస్తాయి. 2007లో చిక్కబళ్లాపుర జిల్లా విడిపోయేదాకా నంది కొండ కోలారు జిల్లాలోనిదే. కేజీఎఫ్‌లోని పెద్ద గనుల్లో ఒకదాని పేరు కూడా నందిదుర్గమే. గని ఒక కిటికీకి, కొండ మరో కిటికీకి చెందడం ప్రయాణికుల ఖర్మ. నైరుతి గాలి రోజుల్లో చెన్నై నుంచి వచ్చేవారు ఈ రెంటిలో ఏదో ఒకటే ఎంచుకోగలరు.

మూడోది సూర్యుడు. చాలామంది మరచిపోయేదీ ఇదే. సూర్యుడున్న పక్క కూర్చుంటే కిటికీ గాజు మీది గీతలన్నీ మెరుస్తాయి, గాలిలోని దుమ్ము వెలిగి తెరలా అడ్డం పడుతుంది. రంగులు వెలిసిపోతాయి. సూర్యుడు వీపు వెనక ఉంటే నేల రంగులు ముదురుగా, స్పష్టంగా ఉంటాయి. పక్క నుంచి ఏటవాలుగా వెలుతురు పడితే ఎత్తుపల్లాలు నీడలతో తేలతాయి. సైనైడ్ దిబ్బల అంచుల్లోని వాన కోతలు తెలియాలంటే ఈ మూడో రకం వెలుతురే కావాలి. డిసెంబరు, జనవరిల్లో ఉదయం తొమ్మిది ప్రాంతంలో సూర్యుడు ఆగ్నేయంగా ఉంటాడు. చెన్నై నుంచి వచ్చే విమానంలో ఎడమవైపు కూర్చుని దక్షిణానికి, నైరుతికి చూసేవారికి వెలుతురు ఎడమ పక్క నుంచి పడుతుంది. మే, జూన్లలో అదే వేళకు సూర్యుడు ఈశాన్యంలో, అంటే చూసేవారి వీపు వెనక ఉంటాడు. నీడలు తక్కువ, రంగులు శుభ్రం. సాయంత్రం బెంగళూరు నుంచి వెళ్లేవారికి పడమటి సూర్యుడు ఇంచుమించు ఇదే మేలు చేస్తాడు.

మధ్యాహ్నం సంగతి కాలాన్ని బట్టి మారుతుంది. ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు కోలారుకు నడినెత్తిన గానీ, కాస్త ఉత్తరంగా గానీ ఉంటాడు. మిగతా ఎనిమిది నెలలు దక్షిణంగానే. అందువల్ల శీతాకాలం మధ్యాహ్నం కేజీఎఫ్ వైపు చూడటమంటే సూర్యుడి వైపు చూడటమే. ఆ వేళ విమానంలో సీటుకు అదనంగా డబ్బు కట్టడం దండగ.

సూర్యుడి వైపు కూర్చున్నవారికీ ఒక లాభం ఉంది, అది చెరువుల మెరుపు. కోలారు జిల్లాకు ఏడాది పొడుగునా పారే నది లేదు. శతాబ్దాలుగా ఊరూరా కట్టుకున్న చెరువులే ఆధారం, అవి వేలల్లో ఉన్నాయి. వెలుతురుకు ఎదురుగా చూస్తే విమానంతో పాటే ఒక్కో చెరువూ వెలిగి ఆరిపోతూ వస్తుంది. నీళ్లు లేని చెరువునూ పైనుంచి గుర్తుపట్టవచ్చు. పల్లం వైపు కట్ట విల్లులా వంగిన నల్లని గీత. ఎగువ వైపు అంచు నేల వాలును బట్టి వంకరటింకర. కట్టకు దిగువన తూము నీళ్లతో బతికే ఆయకట్టు, చుట్టూ ఉన్న ఎర్రచేల మధ్య పచ్చని పీలికలా. ఒక చెరువు అలుగు పారిన నీళ్లు వాగులో పడి కింది చెరువుకు చేరతాయి. విమానం నుంచి చూసినప్పుడు ఈ గొలుసు నేల మీద కంటే బాగా అర్థమవుతుంది. ఊరి మనిషికి తన చెరువు, పక్క ఊరి చెరువు తెలుస్తాయి. వరుస మొత్తం కనిపించేది పైనుంచే.

2018 జూన్ నుంచి ఈ దృశ్యం కొంత మారింది. బెంగళూరులోని కోరమంగల, చల్లఘట్ట లోయల మురుగునీటిని శుద్ధి చేసి గొట్టాల ద్వారా కోలారు చెరువులకు పంపే పథకం అప్పుడు మొదలైంది. ఆ నీటి నాణ్యత మీద వాదోపవాదాలు చాలా జరిగాయి, అది వేరే వ్యాసానికి సరిపడే విషయం. ఒకప్పుడు ఎండాకాలంలో పగుళ్లు తేలి, తుమ్మచెట్లు పెరిగి కనిపించిన చెరువుల్లో కొన్ని ఇప్పుడు మార్చిలోనూ నిండుగా మెరవడానికి కారణం మాత్రం అదే. ఈ వరుసలో పాలారు మీది బేతమంగల చెరువు ప్రత్యేకమైనది. గనులకూ, గనుల ఊరికీ తాగునీరు ఇచ్చింది అదే. చెన్నై గీతకు అది పదిహేను కిలోమీటర్ల దక్షిణంగా, కేజీఎఫ్‌కు ఈశాన్యంగా ఉంటుంది. బేతమంగల చెరువు దొరికితే కేజీఎఫ్ దొరికినట్టే.

తెల్లగా కనిపించిందల్లా సైనైడ్ దిబ్బ అనుకోకూడదు. కోలారు నేల మీద తెల్లటివి చాలా ఉన్నాయి. అంచులు గీత గీసినట్టు సూటిగా ఉండి, కళ్లు చెదిరేలా మెరిస్తే అది పూలో, క్యాప్సికమో పెంచే పాలీహౌస్. మడి మడికీ సన్నని వెండి చారలు కనిపిస్తే టమాట తోటలో పరిచిన ప్లాస్టిక్ షీటు. దేశంలోని పెద్ద టమాట మార్కెట్లలో కోలారుది ఒకటి కాబట్టి ఈ చారలకు కొదవ లేదు. గుట్ట ఒక పక్క నిలువుగా కోసి, అడుగున పచ్చని నీటి గుంట ఉంటే గ్రానైట్ క్వారీ. శ్రీనివాసపురం వైపు చుక్కల ముగ్గులా ముదురాకుపచ్చగా ఉన్నవి మామిడి తోటలు. సైనైడ్ దిబ్బ వీటన్నిటికంటే పెద్దది, మెరవదు, అంచు సూటిగా ఉండదు. ఊరు కూడా దాన్ని ఆనుకునే ఉంటుంది. వేసవి గాలికి ఆ ఇసుక లేచి ఇళ్లలో పడుతుందని కేజీఎఫ్ జనం దశాబ్దాలుగా మొత్తుకుంటున్నారు. ఎంత దగ్గరగా ఉందో పైనుంచి చూస్తే ఆ బాధ ఇట్టే తెలుస్తుంది.

కోలారు పట్టణాన్ని పట్టుకోవడానికి గుర్తు దాని పడమటి పక్కనున్న అంతరగంగ కొండలు. చెట్టూ చేమా తక్కువ, గుండ్రాళ్లు ఎక్కువ. చెన్నై గీతకు ఇవి మరీ దగ్గర కాబట్టి విమానం ఏ కాస్త అటు జరిగితే కుడికీ, ఇటు జరిగితే ఎడమకీ మారతాయి. ఇక్కడ మాత్రం అదృష్టమే.

మిగతా తెలుగు దారుల గురించి క్లుప్తంగా. బెంగళూరు నుంచి తిరుపతి పోయేవారికి కోలారు జిల్లా చాలావరకు కుడివైపు. చింతామణి, మదనపల్లె, చివర్లో తిరుమల కొండలు ఎడమవైపు. భక్తులకు వేరే చెప్పాలా, ఎడమే. విజయవాడ, విశాఖ విమానాల గీత ఈశాన్యానికి తిరుగుతుంది. ఎగిరిన కాసేపటికి హార్స్‌లీ హిల్స్ కుడివైపు పాతిక కిలోమీటర్ల లోపు వస్తుంది. కేజీఎఫ్ ఆశ వదులుకోవాలి. హైదరాబాదు నుంచి వచ్చే విమానం దాదాపు నేరుగా దక్షిణానికి వస్తుంది. నైరుతి గాలి కాలంలో చింతామణి ప్రాంతాల మీదుగా కిందికి దిగి, కుడికి తిరిగి రన్‌వే పట్టుకుంటుంది. ఆ మలుపులో కుడివారికి నేల దగ్గరగా కనిపిస్తుంది, ఆ తర్వాత నంది కొండ కూడా వారికే.

కాలం విషయంలో కోలారు కాస్త మొండిది. నైరుతి నెలల్లో మబ్బు ఎక్కువ. ఈ జిల్లాకు మంచి వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లో పడతాయి. దుమ్ము కడుక్కుపోయి, చెరువుల్లోకి నీరు చేరి, నేల పచ్చబడిన అక్టోబరు చివర, నవంబరు రోజులు అన్నిటికంటే మంచివి. ఆ తర్వాత దేవనహళ్లి చుట్టూ తెల్లవారుజామున పొగమంచు కమ్ముతుంది. విమానాలు ఆలస్యం కావడం మామూలే. ఎగిరాక మాత్రం మంచు మీద తేలుతున్న నంది కొండ తల ఆ ఆలస్యానికి సరిపడా పరిహారం. మబ్బుల మీద పోతున్నప్పుడు సూర్యుడికి ఎదురు పక్క కిటికీలోంచి విమానం నీడ, దాని చుట్టూ రంగుల వలయం కనిపించవచ్చు. చలికాలం ఉదయం చెన్నై నుంచి వచ్చే విమానంలో అది కుడివైపు, ఎండాకాలంలో ఎడమవైపు. మబ్బు పట్టి నేల కనపడని రోజున చూడదగ్గది అదే.

రాత్రిపూట పక్క గురించి పెద్దగా ఆలోచించనక్కర్లేదు. చెన్నై రహదారి దీపాల గీత, నరసాపుర కర్మాగారాల వెలుగు తప్ప ఏమీ కనపడదు, దిబ్బలు కూడా. 1902లోనే, బెంగళూరు కంటే ముందు, శివనసముద్రం నుంచి తీగలు లాగి విద్యుత్తు తెచ్చుకున్న కేజీఎఫ్ ఇప్పుడు రాత్రి ఆకాశం నుంచి ఒక మామూలు పట్టణం.

పక్క తేలాక వరుస తేలాలి. ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 లాంటి విమానాల్లో సుమారు పదో వరుస నుంచి ఇరవయ్యో వరుస దాకా కింద రెక్కే కనిపిస్తుంది. రెక్కకు వెనక కూర్చుంటే ఇంజను వదిలిన వేడిగాలిలో నేల అలలు అలలుగా ఊగుతుంది, ఫొటోలు మసకబారతాయి. రెక్కకు ముందు వరుసలే మేలు. ఏటీఆర్ లాంటి చిన్న ప్రొపెల్లర్ విమానాల్లో రెక్క నెత్తిమీద ఉంటుంది కాబట్టి నేల చూపుకు అడ్డం ఉండదు. పైగా అవి తక్కువ ఎత్తులో, నెమ్మదిగా పోతాయి. కిటికీల సంఖ్య, వరుసల సంఖ్య సరిగ్గా కలవకపోవడం వల్ల కొన్ని ‘కిటికీ సీట్ల’ పక్కన గోడే ఉంటుంది. డబ్బు కట్టేముందు సీట్ల పటం చూసుకోవడం మంచిది. ‘ఏ’ అక్షరం ఎడమ కిటికీ, ‘ఎఫ్’ కుడి కిటికీ. ఫ్లైట్‌రాడార్24 లాంటి యాప్‌లో అదే నంబరు విమానం నిన్న, మొన్న ఏ దారిన వచ్చిందో, ఏ ముఖంగా దిగిందో చూస్తే స్కేలు గీత కంటే నమ్మకమైన సమాధానం దొరుకుతుంది. వాయుసేన, నౌకాదళం వాడే విమానాశ్రయాల్లో ఫొటోలు తీయకూడదన్న నిబంధన ఉంది. దేవనహళ్లి పౌర విమానాశ్రయం కాబట్టి ఆ చిక్కు లేదు, చెన్నై విమానంలో సిబ్బంది ఏం చెబితే అది పాటిస్తే చాలు.

కేజీఎఫ్ కోసమే అయితే ఉదయం చెన్నై నుంచి బయలుదేరే విమానంలో, రెక్కకు ముందు, ‘ఏ’ సీటు తీసుకోండి. వీలైతే అక్టోబరు చివర, నవంబరు రోజుల్లో తీసుకోండి. మరీ ఏళ్ల తరబడి వాయిదా వేయకండి. ఆ 13 దిబ్బల్లో మిగిలిన బంగారాన్ని తిరిగి తీసే కేంద్ర ప్రతిపాదనకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఆ పని పూర్తిగా సాగితే దిబ్బల ఆకారం ఇప్పుడున్నట్టు ఉండదు.